మూస లేని కెంపు

హెచ్.ఎం.టి. వాచీ డయలు మీద '17 జ్యూవెల్స్' అని చూసినవాళ్లు మనలో చాలామంది. ఆ జ్యూవెల్స్ ఏమిటని అడిగినవాళ్లు తక్కువ. అవి కెంపులే. గనిలో తవ్వినవి కావు, మంటలో పుట్టించినవి.

కెంపంటే అల్యూమినియం ఆక్సైడు, అందులో చిటికెడు క్రోమియం. అది కరగడానికి సుమారు 2,050 డిగ్రీల సెల్సియస్ కావాలి. పట్టికలో ఈ అంకె బట్టీపట్టాం గానీ, అంత వేడిలో దాన్ని దేంట్లో పోసి కరిగిస్తారని ఆలోచించలేదు. చిక్కంతా అక్కడే. ప్లాటినం మూస సైతం 1,768 డిగ్రీలకే కరిగిపోతుంది. ప్యారిస్‌లో ఫ్రెమీ, ఫీల్ 1877లో వేరే పదార్థాలు కలిపి తక్కువ వేడిలో కెంపులు చేశారు గానీ, వచ్చినవి పలుచని చిన్న రేకులు.

ఫ్రెమీ శిష్యుడు ఆగస్త్ వెర్నోయ్ మూసనే వదిలేశాడు. ఆక్సిజన్, హైడ్రోజన్ మంటను కిందికి మండేలా తిప్పాడు. పైన జల్లెడ అడుగున్న డబ్బాలో మెత్తని పొడి. చిన్న సుత్తి డబ్బాను తట్టినప్పుడల్లా కాస్త పొడి రాలి, మంటలో కరిగి, కిందున్న కడ్డీ కొస మీద పడుతుంది. కడ్డీని మెల్లగా దించుతుంటే అడుగు గడ్డకడుతుంది, పైన మాత్రం ద్రవం పలుచగా నిలుస్తుంది. గట్టిపడిన కెంపే కరిగిన కెంపుకు గిన్నె!

మొదలు సన్నగా ఉండాలి, లావైతే చల్లారేటప్పుడు పగుళ్లే. అంత జాగ్రత్తపడ్డా లోపలి ఒత్తిడి పోదు. అందుకే ముద్దను నిలువునా రెండు బద్దలుగా చీల్చి, ఆ తర్వాతే సానపట్టేవారు.

వెర్నోయ్ ఈ సంగతిని 1891, 1892లలోనే సీలు వేసిన కవర్లలో ప్యారిస్ సైన్స్ అకాడమీకి అప్పగించి, 1902లో గానీ బయటపెట్టలేదు. అప్పటికే 'జెనీవా కెంపులు' అనే కృత్రిమ రాళ్లను గని రాళ్లని చెప్పి అమ్మిన మోసం జరిగి ఉంది. కాబట్టి వ్యాపారుల భయం ఊరికే పుట్టింది కాదు. అయితే మంట కెంపు తన గుట్టు తానే చెబుతుంది. కరిగిన పైభాగం గుండ్రంగా ఉంటుంది గనుక, పొరపొరగా గడ్డకట్టిన గుర్తులు భూతద్దంలో వంపు గీతల్లా కనిపిస్తాయి. గని కెంపులో గీతలుంటే తిన్నగా ఉంటాయి.

1960లో మైమన్ తొలి లేజర్ వెలిగించింది కూడా కృత్రిమ కెంపుతోనే.

జిర్కోనియం ఆక్సైడు ఇంకా మొండిది, సుమారు 2,700 డిగ్రీలు కావాలి. 1970లలో మాస్కోలోని లెబెదేవ్ సంస్థవారు నీళ్లు పారే రాగి గొట్టాల మధ్య దాని పొడి పోసి, రేడియో తరంగాలతో లోపలిభాగాన్ని కరిగించారు. అంచున కరగకుండా మిగిలిన పెంకే గిన్నె అయింది. నెమ్మదిగా చల్లారిస్తే స్ఫటికాలు. మన నగల దుకాణాల్లో వాటిని 'అమెరికన్ డైమండ్' అంటారు!