కార్యాలయ ఈ-మెయిల్ నిర్వహణ

కార్యాలయ ఈ-మెయిల్ నిర్వహణ అనగా ఒక అధికారికి లేదా సంస్థకు కంప్యూటరు ద్వారా వచ్చే ఉత్తరాలను స్వీకరించి, నమోదు చేసి, సంబంధిత విభాగానికి పంపి, జవాబు వెళ్ళేలా చూచి, భద్రపరచే పని. సాధారణంగా దీనిని కార్యదర్శి లేదా పి.ఏ. నిర్వహిస్తారు. ప్రభుత్వ శాఖల ఉన్నతాధికారులను కూడా కార్యదర్శులనే అంటారు గాని ఈ వ్యాసం వారిని గురించినది కాదు.

అందిన సమయం

కాగితపు తపాలుపై తేదీ ముద్ర వేసి ఇన్‌వర్డు రిజిస్టరులో ఎక్కిస్తారు. ఉత్తరం ఎప్పుడు అందినదో తెలిపే ఆధారం ఆ ముద్రే. ఈ-మెయిల్‌కు ముద్ర వేసేవారు ఉండరు. భారతదేశంలో ఈ విషయాన్ని 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం, 2000 నిర్ణయిస్తుంది. దాని 13వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉత్తరాల కోసం ప్రత్యేకించి తెలిపిన చిరునామాకు సందేశం చేరిన క్షణమే అది అందిన సమయం. తెరచి చదివిన సమయం కాదు. వేరొక చిరునామాకు పంపితే మాత్రం గ్రహీత దానిని తీసుకున్నప్పుడే అందినట్లు లెక్క.

దీని పర్యవసానం చిన్నది కాదు. జవాబు గడువు నోటీసు అందిన నాటి నుండి మొదలయ్యేదైతే, శుక్రవారం సాయంత్రం చేరినదానిని కార్యదర్శి సోమవారం చూచినా గడువు శుక్రవారం నుండే నడుస్తుంది. కనుక కార్యదర్శి సెలవులో ఉన్నప్పుడు మెయిల్ పెట్టెను చూచే బాధ్యతను మరొకరికి అప్పగించడం అవసరం.

నమోదు, జవాబు

జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ఈ-ఆఫీసు వ్యవస్థలో వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ డైరీ చేసి సంఖ్య ఇస్తారు. పాత ఇన్‌వర్డు రిజిస్టరుకు ఇది కొత్త రూపమే. సి.సి. అనే మాట టైపు మిషను కాలపు కార్బన్ నకలు నుండి వచ్చినది. బి.సి.సి.లో పెట్టిన పేర్లు ఇతర గ్రహీతలకు కనిపించవు. అందరికీ జవాబు పంపే మీటను తొందరలో నొక్కితే గోప్యమైన విషయం బయటివారికి చేరవచ్చు.

అధికారి తన పాస్‌వర్డును కార్యదర్శికి చెప్పివేయడం సులువైన మార్గమే కాని మంచిది కాదు. ఎవరు ఏది పంపారో తరువాత తేల్చడం కష్టమవుతుంది. పాస్‌వర్డు ఇవ్వకుండానే మెయిల్ చూచే అధికారాన్ని అప్పగించే వీలు పలు ఈ-మెయిల్ వ్యవస్థలలో ఉన్నది. డిజిటల్ సంతకం విషయం మరింత తీవ్రమైనది. చట్టపు 42వ సెక్షను ప్రకారం ఆ సంతకపు రహస్య కీని తన అదుపులో ఉంచుకొనే బాధ్యత సంతకందారుదే. టోకెనును కార్యదర్శి సొరుగులో ఉంచడం ఇందుకు విరుద్ధం.

భద్రపరచడం

అదే చట్టపు 7వ సెక్షను ప్రకారం, దాచవలసిన ఎలక్ట్రానిక్ పత్రంతో పాటు అది ఎక్కడి నుండి ఎక్కడికి, ఏ తేదీన, ఏ సమయానికి వెళ్ళినదో తెలిపే వివరాలు కూడా ఉండాలి. కేవలం విషయభాగాన్ని ముద్రించి ఫైలులో పెడితే ఈ వివరాలు పోతాయి. సమాచార హక్కు చట్టం, 2005 నిర్వచనంలో ఈ-మెయిళ్ళు కూడా సమాచారమే. అందువల్ల ప్రభుత్వ కార్యాలయాలలో వీటిని ఇష్టానుసారం తొలగించరాదు.