యురేనస్: పాత చిట్టాల్లో దొరికిన గ్రహం

యురేనస్‌ను 1781 మార్చి 13న ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ కనిపెట్టాడని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తప్పేమీ లేదు. అయితే అంతకు తొంభై ఏళ్ల ముందు, 1690లోనే ఖగోళజ్ఞుడు జాన్ ఫ్లామ్‌స్టీడ్ దాన్ని చూశాడు. ఆయన పట్టికలో అది వృషభరాశిలోని 34వ నక్షత్రంగా స్థిరపడింది. ఫ్రాన్స్‌లో లెమోనియె 1750, 1769 మధ్య పలుమార్లు దాని స్థానం రాసుకున్నాడు, గ్రహమని మాత్రం పోల్చుకోలేదు. వాళ్లను తప్పుపట్టే ముందు హెర్షెల్ కూడా మొదట దాన్ని తోకచుక్క అనే ప్రకటించాడని గుర్తుంచుకోవాలి. దాని కక్ష్య దాదాపు వృత్తాకారమని లెక్సెల్ లెక్కగట్టాకే అది గ్రహమన్న నమ్మకం బలపడింది. ఈ గ్రహం గురించి మనకు తెలిసినదాంట్లో కొత్త దుర్భిణులు ఎంత చూపాయో, పాత నమోదులను తిరిగి చదవడం వల్ల కూడా అంత తెలిసిందని నా వాదన.

యురేనస్ సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి 84 ఏళ్లు పడుతుంది. కాబట్టి 1781 తర్వాతి పరిశీలనలతోనే కక్ష్య తేల్చాలంటే ఒక తరం చాలదు. అందుకే ఖగోళజ్ఞులు పాత పట్టికలు వెతికి, నక్షత్రాల పేరుతో నమోదైన యురేనస్‌ను బయటికి తీశారు. 1821లో పట్టికలు కట్టిన అలెక్సిస్ బువార్‌కు పాత అంకెలు, కొత్త అంకెలు పొసగలేదు. పూర్వులు సరిగా కొలవలేదనుకుని పాతవాటిని పక్కన పెట్టేశాడు. కొన్నేళ్లకే గ్రహం ఆయన పట్టికలనూ తప్పింది. లోపం పూర్వులది కాదు, ఇంకా ఎవరూ గుర్తించని మరో గ్రహం దాన్ని లాగుతోంది. ఇంగ్లండ్‌లో ఆడమ్స్, ఫ్రాన్స్‌లో లెవెరియె ఎవరికి వారు అది ఎక్కడుండాలో లెక్కగట్టారు. 1846 సెప్టెంబరు 23న బెర్లిన్‌లో గాలె, లెవెరియె చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్‌ను చూశాడు.

పాత నమోదులన్నీ నమ్మదగినవేనా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 1787లో టైటానియా, ఓబెరాన్‌లను కనిపెట్టిన హెర్షెల్, తర్వాత మరో నాలుగు ఉపగ్రహాలు చూశానన్నాడు. ఆ నాలుగూ లేనే లేవు. ఏరియల్, అంబ్రియల్‌లను 1851లో లాసెల్, మిరాండాను 1948లో కైపర్ కనుగొన్నారు. కానీ చిట్టాను దాచడం వేరు, దానికి చెప్పిన అర్థాన్ని నమ్మడం వేరు. తమిళనాడులోని కావలూరు వేధశాల ఇందుకు మంచి సాక్ష్యం. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డువచ్చినప్పుడు ఆ నక్షత్రపు వెలుగు కాసేపు తగ్గడాన్ని భట్టాచార్య, కుప్పుస్వామి నమోదు చేసి, కొత్త ఉపగ్రహం కావచ్చన్నారు. అదే రాత్రి విమానంలోని దుర్భిణితో చూసిన ఎలియట్ బృందం వెలుగు అలా తగ్గడానికి కారణం గ్రహం చుట్టూ ఉన్న వలయాలని తేల్చింది. కావలూరు నమోదును మళ్లీ పరిశీలిస్తే అందులోనూ వలయాల జాడ ఉంది. ఆ ఏడాదే దానిపై భట్టాచార్య, వేణు బప్పు కలిసి వ్యాసం ప్రచురించారు.

వాయేజర్-2 నౌక ఒక్కటే ఇప్పటిదాకా యురేనస్ దగ్గరికి వెళ్లింది. 1986 జనవరి 24న మేఘాలకు సుమారు 81,500 కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. అది తీసిన చిత్రాల్లోనే 1999లో ఎరిక్ కార్కోష్కా పెర్డిటా అనే ఉపగ్రహాన్ని గుర్తించాడు. యురేనస్ అయస్కాంత క్షేత్రంలో ఉపగ్రహాల నుంచి రావలసిన విద్యుదావేశిత కణాలు బొత్తిగా తక్కువగా కనిపించడంతో, పెద్ద ఉపగ్రహాలు నిర్జీవమైన మంచు గోళాలేనన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది. 2024లో ఆ డేటాను తిరగేసినవారు మరో సంగతి చెప్పారు: వాయేజర్ చేరేముందు బలమైన సౌరపవనం ఆ క్షేత్రాన్ని నొక్కేసింది, అలాంటి స్థితి సుమారు నాలుగు శాతం సమయమే ఉంటుంది. అంటే ఒక అరుదైన రోజును మామూలు రోజనుకున్నాం. మరి చిట్టాలే చాలు, కొత్త నౌక దేనికి? అలా అనడం నా ఉద్దేశం కాదు. కొన్ని గంటల కొలతలను ఎన్నిసార్లు చదివినా, మామూలు రోజున అక్కడ ఏముంటుందో పూర్తిగా తేలదు. ఏళ్ల తరబడి చుట్టూ తిరిగే నౌకే కావాలి. 2022లో అమెరికా జాతీయ అకాడమీలు తర్వాతి భారీ గ్రహయాత్రగా యురేనస్‌నే మొదటి స్థానంలో పెట్టాయి. ఆ సిఫారసు సరైనదే, ఆలస్యంగా వచ్చిందంతే.