తెరుయెల్ మినార్లలో మోగే గంటలు



మా చెల్లెలి కొడుకు స్పెయిన్‌లో, వలెన్సియాలో నౌకరీ చేస్తున్నాడు. సెలవు దొరికితే చాలు సైకిలెక్కి ఊళ్ళు పట్టుకుపోతాడు. మామూలు సైకిల్ కాదు, గ్రావెల్ బైక్ అంటారట. చూడ్డానికి రేసు సైకిల్‌లాగే వంపు హ్యాండిల్, కానీ టైర్లు లావు. కంకర దారి, మట్టి దారి, పొలాల గట్టు, దేనిమీదైనా పోతుంది. ఆ మధ్య ఒక రాత్రి వాడు ఫొటో ఒకటి పంపి, "మామూ, ఇది మస్జిదా, చర్చా? చెప్పండి చూద్దాం" అన్నాడు.

ఎర్ర ఇటుకల చదరపు బురుజు. ఒంటినిండా అల్లిక పనిలాంటి ఇటుకల నఖ్షా, మధ్యమధ్య ఆకుపచ్చ, తెలుపు మెరుగు పలకలు. మస్జిదే అన్నాను. మొరాకో అయి ఉంటుందని కూడా అన్నాను. వాడు నవ్వి, ఆ బురుజు పైన వేలాడుతున్న గంటలను దగ్గరగా తీసిన ఇంకో ఫొటో పంపాడు. అది తెరుయెల్ పట్టణంలోని సాన్ మార్తిన్ చర్చి గంటల గోపురం. 1315-16లో కట్టింది.

అందలూస్ అనగానే మన జల్సాల్లో, తఖ్రీర్లలో వినిపించేవి మూడే పేర్లు: ఖుర్తుబా, గర్నాతా, ఇష్బీలియా. అల్లామా ఇక్బాల్ నజ్మ్ పుణ్యమా అని ఖుర్తుబా మస్జిద్ తెలియని ఉర్దూ ఇల్లు లేదు. 1492లో గర్నాతా చివరి సుల్తాన్ తాళాలు అప్పగించి వెళ్ళిపోయాడన్న ఖిస్సా చెప్పి కళ్ళు తుడుచుకోవడంతో మన తవారీఖ్ ముగిసిపోతుంది. సుల్తాన్ వెళ్ళిపోయాడు, సరే. రియాయా సంగతేమిటి? ఇటుక పేర్చే మేస్త్రీ, దూలం చెక్కే వడ్రంగి, కాలువ నీళ్ళు పంచే రైతు ఏమయ్యారు? వాడి సైకిల్ సఫర్ వల్ల నేను చదవడం మొదలుపెట్టింది వాళ్ళ గురించే.

వాడు ఎక్కిన దారి కూడా చిత్రమైనదే. ఓహోస్ నెగ్రోస్ అనే చోట ఇనుప గనులుండేవి. అక్కడి ఖనిజాన్ని సముద్రం ఒడ్డున సగుంతోకు చేరవేయడానికి 20వ శతాబ్దం మొదట్లో ఒక రైలు మార్గం వేశారు. 1970లలో రైళ్ళు ఆగిపోయాయి, పట్టాలు తీసేశారు. ఇప్పుడు దాదాపు 160 కి.మీ. మేర సైకిళ్ళకు, నడిచేవాళ్ళకు వదిలేశారు. రైలు దారి కాబట్టి చడావు నిదానంగా ఉంటుంది, కానీ 1,200 మీటర్లు దాటే ఎస్కందోన్ కనుమ దాకా ఎక్కుతూనే ఉండాలి. పాత సొరంగాలు, వంతెనలు, బాదం తోటలు. ఆ తర్వాత మనుషులు పలచబడిపోతారు. తెరుయెల్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు పది మంది కూడా లేరు. మైళ్ళకొద్దీ పోయినా తలుపులు మూసిన ఇళ్ళు, మధ్యలో ఒక పెద్ద చర్చి. మమ్మల్ని మరిచిపోకండి అని అక్కడివాళ్ళు చేసిన ఉద్యమం పేరే "తెరుయెల్ ఉంది". 2019లో ఆ పేరుతోనే పార్లమెంటులో ఒక సీటు కూడా గెలిచారు.

తెరుయెల్ దగ్గర రెండు నదులు కలుస్తాయి. ఒకటి గ్వాదలవియార్. పలికి చూడండి: వాదీ అల్ అబ్యజ్, తెల్ల నది. రెండోది అల్ఫాంబ్రా: అల్ హమ్రా, ఎర్రది. ఎర్ర మట్టి కలుపుకొని వస్తుంది కాబట్టి ఆ పేరు. రెండూ కలిసి తూరియా అయ్యి వలెన్సియాకు పోతాయి. పేర్లు పెట్టినవాళ్ళను పంపేసి నాలుగు వందల ఏళ్ళు దాటినా నదులు మాత్రం ఆ పేర్లతోనే పారుతున్నాయి. వాడికి ఈ సంగతి చెప్పేదాకా రోజూ ఆ బోర్డుల పక్కనుంచే తొక్కుకుంటూ పోయాడు.

తెల్ల నది వెంట పైకి దాదాపు 35 కి.మీ. పోతే అల్బర్రాసిన్ వస్తుంది. బనూ రజీన్ అనే బర్బర్ ఖాందాన్ పేరు అది. 11వ శతాబ్దంలో వాళ్ళు అక్కడ సొంత హుకూమత్ నడిపారు. 1104లో మురాబితూన్ వచ్చి దాన్ని తీసుకున్నారు. తర్వాత, 1170 ప్రాంతంలో, ముర్సియా పాలకుడు ఇబ్న్ మర్దనీష్ ఆ ఊరిని అసాగ్రా అనే క్రైస్తవ ఖాందాన్‌కు ఇచ్చేశాడు. అతను ముసల్మానే. మువహ్హిదూన్‌తో అతనికి జంగ్ నడుస్తోంది, క్రైస్తవ సర్దార్ల మదద్ కావలసి వచ్చింది. అందలూస్ అంతా హిలాల్‌కూ సలీబ్‌కూ జరిగిన ఒకే ఒక్క పోరు అనుకునేవాళ్ళకు ఇదొక్కటి చెబితే చాలు. ఆ ఊరు ఇప్పటికీ గులాబీ రంగు గచ్చు గోడలతో, కొండ మీదికి పాకిన కోటగోడతో, మధ్యలో కెథెడ్రల్‌తో నిలబడి ఉంది. గల్లీలు ఎంత ఇరుకంటే సైకిల్ దిగి నడిపించుకుంటూ పోవాలట.

తెరుయెల్‌ను 1171లో అరగోన్ రాజు రెండో అల్ఫోన్సో స్థాపించాడు. సరహద్దు ఊరు. అంతకుముందే సరగోసా (1118), కలతాయూద్ (1120, అంటే ఖల్అత్ అయ్యూబ్, అయ్యూబ్ కోట) అరగోన్ చేతికి వచ్చేశాయి. గెలిచిన రాజులకు భూమి దొరికింది గానీ దున్నడానికి, కట్టడానికి మనుషులు చాలలేదు. కాబట్టి ముసల్మానులను ఉండనిచ్చారు. పన్ను కట్టాలి. తమ మొహల్లాలో ఉండాలి. మస్జిద్, నమాజ్, తమ ఖాజీ, తమ షరియత్ ఉంచుకోవచ్చు. ఇలా ఉండిపోయినవాళ్ళకు పడిన పేరు ముదేహర్. అరబీలో ముదజ్జన్. మచ్చికైన, పెంపుడు అని అర్థం. కోళ్ళకూ పావురాలకూ వాడే ధాతువే అది. ఆ మాట చదివినప్పుడు నాకు కాస్త గుచ్చుకుంది, దాచుకోవడమెందుకు.

ఆ పెంపుడు మనుషులే అరగోన్ ఇమారతులు చాలావరకు కట్టారు. అక్కడ రాయి కంటే మట్టి సులభంగా దొరుకుతుంది, ఇటుక, జిప్సం గచ్చు, చెక్క వీళ్ళ చేతి పని. పనిచ్చేది పాదరీ, పనిచేసేది ముసల్మాను. గంటల గోపురం కట్టమంటే తమకు తెలిసిన తరీఖాలో కట్టారు. సాన్ మార్తిన్, ఎల్ సాల్వదోర్ గోపురాలు లోపల చూస్తే బురుజులో బురుజు ఉంటుంది. రెంటి మధ్యన మెట్లు చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి. ఇది మువహ్హిదూన్ కాలపు మినార్ల కట్టుబడి. మువజ్జిన్ ఎక్కవలసిన మెట్లమీద గంట కొట్టేవాడు ఎక్కాడు. ఇంకో విశేషం, ఈ గోపురాల కిందుగా కమాను, ఆ కమాను గుండా బజారు దారి. మావాడు వాటి కింద నుంచి అటూఇటూ నాలుగుసార్లు సైకిల్ తొక్కాడట. వయసలాంటిది.

ఈ రెండు గోపురాల మీద ఒక దాస్తాన్ కూడా ఉంది. ఉమర్, అబ్దుల్లా అనే ఇద్దరు మేస్త్రీలు జొరైదా అనే అమ్మాయిని ఇష్టపడ్డారు. ముందుగా, బాగా కట్టినవాడికే పిల్లనిస్తానన్నాడు తండ్రి. ఉమర్ ముందు పూర్తిచేసి పరంజా విప్పించాడు. గోపురం ఒరిగి ఉంది. సిగ్గుతో దాని మీదినుంచే దూకేశాడు. ఇది కథే, తవారీఖ్ కాదు. తవారీఖ్‌లో ఉన్నదేమిటంటే, సాన్ మార్తిన్ పునాది నిజంగానే బలహీనపడింది, 1549-51లో పియెర్ వెదెల్ అనే ఫ్రెంచి ఇంజనీరు అడుగు భాగాన్ని బాగుచేసి నిలబెట్టాడు.

కెథెడ్రల్ లోపల చెక్క కప్పు ఉంది. 13వ శతాబ్దం నాటిది, 32 మీటర్ల పొడవు. ఫొటోలు పెద్దవి చేసి చూస్తూ ఒక రాత్రంతా కూర్చున్నాను. రాజులు, సర్దార్లు, వేటగాళ్ళ బొమ్మలతో పాటు రంపం, బాడిస పట్టుకుని పనిచేస్తున్న వడ్రంగుల బొమ్మలు కూడా వేశారు. ఆ కప్పు వేసినవాళ్ళు తమనే వేసుకున్నారేమో అనిపించింది. తర్వాతి కాలంలో ఎవరికో ఇది పాతబడిందనిపించి కింద గచ్చు కప్పు వేసి మూసేశారు. 1937-38 చలికాలంలో, అంతర్యుద్ధంలో, ఊరు సగం నేలమట్టమైంది. కప్పుకు దెబ్బలు తగిలినా మిగిలింది. 1986లో యునెస్కో తెరుయెల్ ముదేహర్ కట్టడాలను ప్రపంచ వారసత్వంలో చేర్చింది. 2001లో అరగోన్ అంతటికీ విస్తరించింది.

ఆ జాబితాలో కలతాయూద్ దగ్గరి సెర్వెరా అనే పల్లె చర్చి ఒకటుంది. అందులో మేస్త్రీ పేరు రాసి ఉంది: మహోమా రామి, 1426. మహోమా అంటే ముహమ్మద్. దగ్గర్లోని మలువెందా ఊళ్ళో చర్చి చెక్కపని మీద మేస్త్రీ యూసుఫ్ తన పేరుతో పాటు అరబీలో కలిమా కూడా రాసి పెట్టాడు. చర్చిలో కలిమా! పాదరీకి చదవడం రాలేదా, వచ్చినా ఊరుకున్నాడా? నాకైతే రెండోదే జరిగి ఉండాలని ఉంది.

స్పానిష్‌లో మేస్త్రీని అల్బాన్యిల్ అంటారు, అల్ బన్నా. పెద్ద మేస్త్రీ అలరీఫె, అల్ అరీఫ్. మన ఇళ్ళలో ఆరిఫ్‌లున్నారు కదా, ఆ ధాతువే. మేయరు అల్కాల్దె, అల్ ఖాజీ. మన తెలుగులో మునసబు, వకీలు, జిల్లా, తాలూకా నిలిచిపోయినట్టే.

ఈ పొత్తు నిలవలేదు. కాస్తీల్‌లో 1502లో, అరగోన్‌లో 1526లో ఫర్మానా వచ్చింది: బాప్తిస్మం తీసుకో, లేదా వెళ్ళిపో. మస్జిదులు చర్చిలయ్యాయి. పేర్లు మారాయి. ఇంకా ముందే, 1504లో, వహ్రాన్ ముఫ్తీ ఒక ఫత్వా పంపాడు. ప్రాణభయం ఉన్నచోట నమాజ్ సైగతో చదివినా సరే, దిల్‌లో ఈమాన్ ఉంటే అల్లాహ్ ఖబూల్ చేస్తాడని. అరగోన్ ముసల్మానులు అప్పటికే అరబీ మాట్లాడడం మరిచారు, ఇంట్లో జబాన్ స్పానిష్. అందుకని స్పానిష్ మాటలనే అరబీ లిపిలో రాసుకున్నారు. తఫ్సీర్, దుఆలు, నబీల ఖిస్సాలు, ఇంటి వైద్యం అన్నీ. ఆ రాతను అల్హమియాదో అంటారు. అజమీ అన్న మాటే అది. అరబ్‌కు అజమ్ మీద బడాయి లేదని ఆఖరీ ఖుత్బాలో విన్న మాట గుర్తుందిగా, ఆ అజమ్.

మా అమ్మీ దగ్గర యాసీన్ సూరా పుస్తకం ఒకటుంది. అరబీ ఆయత్‌లు తెలుగు అక్షరాల్లో అచ్చేసింది. ఆమెకు అరబీ చదవడం రాదు, చిన్నప్పుడు బళ్ళో తెలుగే నేర్చింది. ఉస్తాదులు కొందరు అలా చదవొద్దని అంటారు, మఖ్రజ్ పాడవుతుందని. ఆ మాట సబబే. కానీ అరగోన్‌వాళ్ళు తమ జబాన్‌ను అరబీ లిపిలో దాచుకున్నారు, అమ్మీ అరబీని తన లిపిలో దాచుకుంది. అది చదివాక ఆమె పుస్తకం మీద బహస్ చేయడం నేను మానేశాను.

1609లో వలెన్సియా నుంచి మొదలుపెట్టి, 1610లో అరగోన్ నుంచి, మూడో ఫిలిప్ రాజు అందరినీ వెళ్ళగొట్టాడు. మొత్తం దాదాపు మూడు లక్షల మంది, అరగోన్ నుంచే 60 వేల దాకా. చర్చికి పోతున్నవాళ్ళు, మూడు తరాలుగా క్రైస్తవ పేర్లున్నవాళ్ళు కూడా పోవలసి వచ్చింది. 1884లో అల్మొనాసిద్ అనే పల్లెలో పాత ఇల్లు ఒకటి కూలుస్తుంటే, రెండు పొరల నేల మధ్యన పదిలంగా దాచిన కితాబులు బయటపడ్డాయి. అవేమిటో తెలియక పిల్లలు కొన్నింటిని మంటల్లో వేశారు. మిగిలినవి ఇప్పుడు మద్రీద్ గ్రంథాలయంలో ఉన్నాయి. దాచినవాళ్ళు మళ్ళీ వచ్చి తీసుకోవచ్చనే అనుకుని ఉంటారు.

హైదరాబాద్ బేగంపేటలో స్పానిష్ మాస్క్ చాలామంది చూసే ఉంటారు. పాయ్‌గా ఖాందాన్‌కు చెందిన ఇఖ్బాలుద్దౌలా, అంటే సర్ వికారుల్ ఉమ్రా, స్పెయిన్ వెళ్ళి ఖుర్తుబా చూసి వచ్చి మొదలుపెట్టించిన మస్జిద్. ఆయన 1902లో వఫాత్ అయ్యాడు, 1906లో పూర్తయింది. దాని సన్నటి శిఖరాలు చూసి కొత్తవాళ్ళు చర్చి అనుకుంటారు. ఈ మాట మావాడికి రాస్తే, తూనిస్‌లో ఇంకోటుందని జవాబిచ్చాడు. టెస్టూర్ అనే ఊరు. స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడినవాళ్ళే కట్టుకున్నారు. అక్కడి జామా మస్జిద్ మినార్ అచ్చం అరగోన్ చర్చి గోపురంలా ఉంటుంది. దాని మీద గడియారం కూడా ఉంది. ముళ్ళు ఉల్టా తిరుగుతాయి.

వచ్చే రమజాన్ తర్వాత పడవలో సైకిల్ వేసుకుని అక్కడికి పోతానంటున్నాడు. వాళ్ళ అమ్మీ ఇంకా ఇజాజత్ ఇవ్వలేదు.