జాడ చదివే విద్య

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో కుతుబ్‌షాహీల కాలంనాటి పెద్ద చెరువు ఉన్నది. నీరు తీసిన చోట, తెల్లవారుజామున, ఒడ్డు బురద వ్రాసిన పలకవలె కనబడుతుంది. కొంగ అడుగులో ముందుకు మూడు వేళ్లు, వెనుకకు ఒకటి. బాతు అడుగులో వేళ్ల నడుమ పొర. ఊరకుక్క అడుగులో నాలుగు గోళ్ల మొనలు. పాఠశాల విద్యార్థి అరగంటలో వీటిని పోల్చుకొనగలడు. ఆఫ్రికా అడవులలో యాత్రికులకు దారి చూపే మార్గదర్శి శిక్షణలో కూడ ఇదే ముఖ్యమైన పాఠం. అయితే అక్కడ పొరబడితే ఎదురయ్యేది ఊరకుక్క కాదు!

సింహం, చిరుతపులి నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి; అడుగులో గోరు పడదు. దుమ్ములగొండి ముడుచుకొనలేదు. మరి గోరు కనబడితే అది పిల్లిజాతి కాదని తేల్చవచ్చునా? తొందరపడరాదు. చీతా పిల్లిజాతిదే, కాని దాని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. అప్పుడు మడమ మెత్తను చూడాలి. పిల్లిజాతికి దాని వెనుక అంచు మూడు తమ్మెలుగా ఉంటుంది. అడుగు ఎప్పటిదో చెప్పడం మరింత కష్టం. రాత్రిపూట తిరిగే పురుగు గీత అడుగు మీదుగా పోయి ఉంటే, మృగం ఆ పురుగు కంటె ముందే వెళ్లినదన్నమాట.

ఈ విద్య పుస్తకాలలో పుట్టలేదు. తెల్లదొరల వేటలలో జాడ పట్టినవారు స్థానికులు. గోడకు తగిలించిన కొమ్ముల క్రింద పేరు మాత్రం తుపాకి పేల్చినవానిది. వేట తగ్గి, మృగాలను చూడబోయే యాత్ర పెరిగిన తరువాత కూడ ఈ అన్యాయం త్వరగా పోలేదు. దక్షిణాఫ్రికాలోని ఉంఫొలోజి రక్షితారణ్యంలో 1959లో ఇయాన్ ప్లేయర్ అనే అధికారి యాత్రికులను కాలినడకన అడవిలోకి తీసుకొని పోసాగాడు. ఆయనకు గురువు మగ్‌కూబు న్టొంబేలా అనే జూలూ వృద్ధుడు; చదువను వ్రాయను రాదు. 1963లో, నేటి టాంజానియాలో కిలిమంజారో పర్వతం చెంత, మ్వేకా వన్యమృగ కళాశాల వెలిసింది. 1990లో దక్షిణాఫ్రికా మార్గదర్శులు ఒక సంఘంగా ఏర్పడి అర్హతపత్రాలు ఇవ్వసాగారు.

చిక్కంతా ఇక్కడ వచ్చినది. కాగితం మీద పరీక్ష పెడితే, అడవిలో అందరికంటె ఎక్కువ తెలిసినవాడే తప్పుతాడు.

లూయీ లీబెన్‌బర్గ్ అనే పరిశోధకుడు కలహారి వేటగాళ్లతో తిరిగి, 1990లో ఒక గ్రంథం వెలువరించాడు. జాడ తెగిపోయిన చోట వేటగాడు మృగం ఎటు పోయి ఉండునో ఊహించి, ఆ ఊహను నేల మీద సరిచూస్తాడు. తప్పైతే వదలుకొని మరొకటి పట్టుకుంటాడు. విజ్ఞానశాస్త్రానికి మూలం ఇదేనని ఆయన వాదం. ఇది పూర్తిగా నిరూపించగలిగినది కాకపోయినా, తోసివేయదగినది కాదు. 1994లో ఆయన అడవిలోనే పరీక్ష ఆరంభించాడు. పరీక్షకుడు నేల మీది గుర్తు చూపి అడుగుతాడు. అభ్యర్థి నోటితో చెబుతాడు. కలం అక్కరలేదు.

అటుపిమ్మట అక్షరాలకు బదులు బొమ్మలతో నడిచే చేతి కంప్యూటరు వచ్చినది. చదువురాని కారెల్ బెనాడీ, జేమ్స్ మిన్యే దానితో కారూ జాతీయవనంలో నల్ల ఖడ్గమృగాల మేతను నమోదు చేశారు. 1999లో ‘పాకిడర్మ్’ పత్రికలో వచ్చిన పరిశోధన వ్యాసానికి ఉన్న నలుగురు రచయితలలో వీరిద్దరు ఉన్నారు.

ఇబ్రహీంపట్నం మీదుగా పోయే బాట నాగార్జునసాగరం చేరుతుంది. ఆ దిక్కుననే నల్లమల. అక్కడి అమ్రాబాద్ పులుల రక్షితారణ్యంలో గస్తీ తిరిగేవారిలో చెంచులు ఉన్నారు. దేశంలో పులుల లెక్క 2006 నుండి అడుగులను బట్టి కాక కెమెరాలతో జరుగుతున్నది. ఆ కెమెరాను ఏ బాటప్రక్క, ఏ చెట్టుకు కట్టాలో నిర్ణయించే ముందు మాత్రం ఎవరైనా వంగి నేలను చూడవలసినదే.