రక్తనాళమున దింపిన వరలు

 

నూతికి వరలు దింపించిన పెద్దలు మీలో పెక్కండ్రు గలరు. వరలు దిగినంతమాత్రమున పని ముగియదు. వరకును మట్టిగోడకును నడుమ సందు మిగిలినచో, పైనుండి చూచువానికి నూయి చక్కగనే కన్పట్టును. లోన మాత్రము మట్టి జాఱుచుండును. గుండె నాళములయందు లోహపు జాలగొట్టము నమర్చు స్టెంటు చికిత్సలోను ఇట్టి చిక్కే గలదు. వైద్యులు దానిని కనిపెట్టి సవరించుకొన్న వృత్తాంతమే నేటి నా ప్రసంగము.

1929లో జర్మనీదేశపు ఎబర్స్‌వాల్డే పట్టణమున వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు తన చేతి సిరలో సన్నని గొట్టమును జొనిపి, గుండెదాక నడిపించి, ఎక్స్‌రే పటముతో నిరూపించెను. ఆ సాహసమునకు ఆనాడు మందలింపులే దక్కినవి. 1956లో మఱి యిద్దఱితో గూడ ఆయనకు నోబెలు బహుమానము లభించెను. 1958లో అమెరికాలోని క్లీవ్‌లండున మేసన్ సోన్స్ హృదయధమనిలోనికే ఎక్స్‌రేకు దోచు ద్రవమును పంపి, దాని ఛాయను పట్టెను. 1977 సెప్టెంబరు 16న జూరిచ్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ చిన్న బుడగతో ఇఱుకైన నాళమును విప్పెను. విప్పిన నాళములు కొన్ని మఱల మూసుకొనుచుండగా, 1986లో ఫ్రాన్సున జాక్ ప్యూయెల్, స్విట్జర్లండున ఉల్రిక్ సిగ్వార్ట్ స్టెంటులను దింపిరి. మన హైదరాబాదునందును 1990వ దశకమున అబ్దుల్ కలాము, సోమరాజు గార్లు తక్కువ వెలకు లభించు స్టెంటును రూపొందించిరి.

అయినను లోహము సోకిన రక్తము గడ్డకట్టును. గడ్డకట్టకుండ తీవ్రమైన మందులిచ్చినచో రక్తస్రావము. ముందు నుయ్యి, వెనుక గొయ్యి! మిలాను నగరమున ఆంటోనియో కొలంబోయు, ఆయన సహచరులును నాళములోనికి శ్రవణాతీత ధ్వనియంత్రమును పంపి చూచిరి. ఛాయలో చక్కగ దోచిన స్టెంటులు పెక్కు లోన పూర్తిగ విచ్చుకొనలేదు! అధిక పీడనముతో బుడగ నూది వానిని గోడకు హత్తించిన పిమ్మట, అంత తీవ్రమైన మందులతో పనిలేకపోయెనని 1995లో ప్రకటించిరి. దోషము లోహమున మాత్రమే కాదు, అమరికలోను గలదని అప్పుడు తేలెను.

ఛాయ మనకు నాళపు అంచును మాత్రమే చూపును; గోడను చూపదు. ధ్వనియంత్రము ప్రతిధ్వనిచే గోడ లోతును చూపును. 1991లో అమెరికాలో వెలువడిన కాంతివిధానము ఇంకను సూక్ష్మము. మిల్లీమీటరులో నూఱవ వంతునకు సమీపించిన వివరమును గూడ చూపగలదు. అయితే రక్తము కాంతికి అడ్డుపడును గావున, క్షణకాలము దానిని ద్రవముతో తొలగింపవలెను.

ఇది నాకు పుస్తకజ్ఞానము మాత్రమే కాదు. మూడేండ్ల క్రిందట నా గుండెకును స్టెంటు వేసిరి. లోపల చూచుటకు అదనపు వ్యయమగునని వైద్యుడు చెప్పగా, బడిపంతులు పింఛనును తలచుకొని సంకోచించి, తుద కంగీకరించితిని. ఛాయాపటమున అంతయు నిర్దుష్టము. లోపలి చిత్రమున మాత్రము లోహమునకును గోడకును నడుమ నెలవంకవంటి సందు! మఱల బుడగ నూది దానిని సరిచేసిరి.

కొరియాలో 1639 మంది క్లిష్టరోగులపై జరిగి, 2023లో వెలువడిన పరిశోధన యొకటి గలదు. హృద్రోగమరణము, ఆ నాళమువలన గుండెపోటు, మఱల చికిత్స అను మూటిలో నేదేని సంభవించినవారు, ఛాయను మాత్రమే నమ్మినవారిలో నూటికి 12.3, లోపల చూచి సవరించినవారిలో 7.7. 2024లో ఐరోపా హృద్రోగ వైద్యసంఘము క్లిష్టమైన నాళములకు ఈ దర్శనమును గట్టిగ సిఫారసు చేసెను.

ప్రతివానికిని ఇది అవసరమని నేననను. మీ యింట నెవరికైన స్టెంటు వేయవలసివచ్చినచో, "అయ్యా, మా రోగికి లోపల చూడవలసిన పని గలదా?" అని వైద్యుని వినయముగ నడుగుడు. నూయి త్రవ్వించునపుడు మేస్త్రిని అడుగుటకు మనము సిగ్గుపడము గదా! సెలవు.