అరణ్మనైకారన్ వీధిలోని చర్చి

మా వాడపల్లికి దిగువన గౌతమి తీరాన యానాంలో ఫ్రెంచివారు, ఇంజరంలో ఇంగ్లీషువారు బట్టల వర్తకం చేశారని మనకు తెలుసు. అంతకు మునుపే బందరులో వ్యాపారం చేసిన ఆర్మీనియన్ల ఊసు మాత్రం అంతగా వినబడదు. వారి వెనుక ఒక రాజు గానీ, నౌకాదళం గానీ లేకపోవటమే కారణం కాబోలు. హైదరాబాదు ఉప్పుగూడలో 17వ శతాబ్దం నాటి వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే వారి గుడి చూడాలంటే చెన్నపట్నం పోవలసిందే.

1604-05లో పారశీక ప్రభువు షా అబ్బాస్ అరాస్ నది ఒడ్డునున్న జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి, ప్రజలను ఇస్ఫహాను శివారుకు తరలించాడు. ఊరు పోయినవారు పేరును విడువక అక్కడ కొత్త జుల్ఫాను కట్టుకున్నారు. పట్టు, రత్నాలు, అద్దకం బట్టల వర్తకంతో మన తీరాలకు వచ్చింది వీరే. 1688లో ఈస్టిండియా కంపెనీ వీరితో ఒక ఒడంబడిక చేసుకుంది. తన పట్టణాలలో ఎక్కడైనా నలభైమంది ఆర్మీనియన్లు స్థిరపడితే కంపెనీయే కొయ్యతో చర్చి కట్టించి, అర్చకునికి ఏడేళ్ళపాటు ఏటా 50 పౌండ్లు ఇవ్వాలి! వర్తకుల బేరంలో దేవుడికీ ఒక పద్దు దొరికిందన్నమాట.

చెన్నపట్నంలో మొదటి చర్చి 1712లో వెలిసింది. ఇప్పుడున్నది 1772 నాటిది. షాహమీర్ షాహమీర్యన్ అనే వర్తకుడు తన భార్య సమాధి ఉన్న స్థలాన్ని దీనికోసం ఇచ్చాడు. ఆ రోజుల్లోనే ఆయన అచ్చుకూటం పెట్టాడు. పరాయి ఏలుబడిలోని స్వదేశం ఎన్నడో స్వతంత్రమైతే ఎలా పాలించుకోవాలో శాసనాలు రాసి, ఆ పుస్తకాన్నీ ఇక్కడే అచ్చు వేయించాడు. లేని దేశానికి రాజ్యాంగం చెన్నపట్నంలో తయారైంది!

నన్ను ఎక్కువగా కదిలించినది ఆ చర్చి అర్చకుడు హరూత్యున్ ష్మావోన్యన్ కథ. షిరాజులో పుట్టినవాడు. ఒక్క వారంలోనే ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని, కొంతకాలం లోకానికి దూరంగా ఉండి పారశీకం చదువుకున్నాడు. తరువాత అచ్చుకూటం నెలకొల్పి 1794 అక్టోబరులో 'అజ్దరార్' పత్రిక ప్రారంభించాడు. ప్రపంచంలోనే ఆర్మీనియన్ భాషలో అది మొట్టమొదటి పత్రిక. భాష చాలావరకు గ్రాంథికం. విషయాలు వర్తకం, రాజకీయం, దేశదేశాల వార్తలు. చదివేవారు బహు కొద్దిమంది. 1796 మార్చిలో ఆగిపోయింది. ఆ నగరంలో మన తెలుగు పత్రిక రావటానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

చర్చి ఉన్నది ఆర్మీనియన్ వీధి. ఆ పేరు నోరు తిరగని తమిళులు దాన్ని అరణ్మనైకారన్ తెరువు, అంటే రాజభవనంవాడి వీధి, అని పిలుచుకున్నారు. రాజ్యమే లేనివారికి రాజభవనం దక్కింది.

ఇప్పుడు అక్కడ నిత్యం ప్రార్థన చేసే సమూహం లేదు. ఆలనాపాలనా కలకత్తా ఆర్మీనియన్ల చర్చి సంఘానిది. విడిగా నిలిచిన గంటల గోపురంలో ఆరు పెద్ద గంటలున్నాయి. ఆవరణ అంతా సమాధులే. 1824లో పోయిన ష్మావోన్యన్ కూడా అక్కడే ఉన్నాడు.