కల్లుపాక పోయాక ఎక్కడ కూర్చుంటున్నాం?



ఈ వారం రాస్తున్న సంగతి చూసి కొందరు నొచ్చుకోవచ్చు. పాస్టరు కల్లుపాక గురించి రాయడమేమిటని అడగవచ్చు. తాగుడును మేము ఏనాడూ సమర్థించలేదు, ఇప్పుడూ సమర్థించడం లేదు. పలాస, టెక్కలి చుట్టుపక్కల తాగుడు వల్ల పొయ్యి వెలగని ఇళ్లు మాకు తెలుసు. అర్ధరాత్రి ఏడుస్తూ వచ్చి తలుపు కొట్టిన తల్లులతో కలిసి ఆ ఇళ్లకు వెళ్లి ప్రార్థించినవాళ్లం. అయినా ఈ చరిత్ర ఒకసారి చెప్పుకోవాలి. ఇందులో మన సంఘం పాలు కూడా కొంత ఉంది.

మా సంఘంలో పెరిగి ఇప్పుడు లండన్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడొకరు క్రిస్మస్‌కి ఊరు వచ్చినప్పుడు ఒక మాట చెప్పాడు. వాళ్ల వీధి చివరి పబ్బు మూసేశారట, అక్కడి ముసలివాళ్లు దిగులుపడుతున్నారట. "సారాకొట్టు మూసేస్తే ఏడుస్తారేటండీ అయ్యగారూ" అని నవ్వాడు. మేమూ నవ్వాం. తర్వాత తెలుసుకుంటే, పబ్ అన్నది పబ్లిక్ హౌస్ అన్న మాటకు పొట్టి రూపమట. అంటే అందరి ఇల్లు. ఇంగ్లండులో 2011లో ఒక చట్టం చేసి, ఊరి పబ్బు అమ్మకానికి వస్తే ఊరివాళ్లే డబ్బు కూడగట్టుకుని కొనుక్కునేందుకు వ్యవధి ఇచ్చారు. మరి మన ఉద్దానంలో అందరి ఇల్లు ఏది? ఎంత ఆలోచించినా మాకు తాటితోపే గుర్తొచ్చింది.

ఉద్దానం అంటే ఉద్యానవనమే. కొబ్బరి, జీడి, పనస తోటలు, వాటి నడుమ ఇసుక బాటలు. చెరువు గట్ల మీద, పొలాల అంచుల్లో తాటిచెట్లు. గీత కార్మికుడు మోకు తగిలించుకుని చీకటి ఉండగానే చెట్టెక్కుతాడు. గెల కొసను కత్తితో సన్నగా చెక్కి కుండ కడతాడు. పొద్దున్నే దించిన కల్లు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నురుగు పొంగుతుంది, సాయంత్రానికి పులుపెక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేం. దాన్ని దాచుకోవడం కుదరదు, దూరం మోసుకెళ్లడమూ కుదరదు. అందుకని తాగేవాడే చెట్టు దగ్గరికి రావాలి, అదీ ఒక వేళకు రావాలి. ఒక వేళకు అందరూ ఒకచోటికి వస్తే అది పాక అవుతుంది, పాక పడితే కబుర్లు మొదలవుతాయి. కల్లులో మత్తు పదార్థం నూటికి నాలుగైదు పాళ్లు. ఇప్పుడు సీసాల్లో అమ్మే బ్రాందీ, విస్కీల్లో 42.8 పాళ్లు. కల్లు తాగినవాడు గంటసేపు కూర్చునేవాడు. క్వార్టరు సీసాకు పది నిమిషాలు చాలు.

మా చిన్నతనంలో అటువైపు వెళ్లవద్దని ఇంట్లో గట్టిగా చెప్పేవారు. వెళ్లేవాళ్లం కాదు గానీ చూసేవాళ్లం. కొబ్బరి దింపు కూలీలు, బళ్లు తోలేవాళ్లు, వేట నుంచి వచ్చిన గంగపుత్రులు అక్కడ ఉండేవారు. కాయ ధర ఎంత పలుకుతోంది, ఎవరి పొలంలో రేపు నాట్లు, ఎవరి పిల్లకు ఏ ఊరి సంబంధం, గట్టు తగాదాకు పెద్దమనిషి ఎవరు, ఇవన్నీ తాటాకు దొప్ప చేతిలో ఉండగానే తేలేవి. పని వెతుక్కునేవాడికి పని అక్కడే దొరికేది. ఎవరైనా రెండు రోజులు రాకపోతే ఆ ఇంటికి మనిషి వెళ్లేవాడు.

అదేదో స్వర్గమని చెప్పడం లేదు. మా తాతల తరం వాళ్లు ఆ పాకకు దూరంగా కూర్చుని, పైనుంచి పోస్తే దోసిట పట్టుకుని తాగారని మా పెద్దలు చెప్పేవారు. ఆడవాళ్లు నంజుడు అమ్ముకోవడానికి వెళ్లాలి తప్ప కూర్చోవడానికి కాదు. కూలి డబ్బు అక్కడే వదిలి వచ్చినవాళ్లు లేకపోలేదు. అయినా ఊరి మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు రోజూ చూసుకునే చోటు అది.

దొరతనానికి మాత్రం అది ఖజానా. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చేనాటికి మన ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలం. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు మనం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాం, శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. ఈలోగా రాజాజీ 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టారు. 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతా పాకింది. చెట్టెక్కి బతికే వేలమందికి ఒక్కసారిగా పని పోయింది.

ఇక్కడ మన తీరం మనిషి ఒకరిని తలచుకోవాలి. సోంపేట దగ్గరి బారువలో 1909లో గీత కుటుంబంలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్నగారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఆయన గీత కార్మికుల పక్షాన నిలిచి ఉద్యమం నడిపారు. ప్రభుత్వం వేసిన కమిటీ కూడా నిషేధం ఎత్తేయమని చెప్పింది. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పడిపోయింది. మన పిల్లలకు బడిలో ప్రకాశంగారి గుండె ధైర్యం గురించి చెబుతారు, అది చెప్పవలసిందే. ఆ ప్రభుత్వం కూలడం వెనుక బారువ తాటిచెట్ల ఆకలి ఉందని కూడా చెబితే బాగుంటుంది.

తాటితోపును నిజంగా ఖాళీ చేసింది నిషేధం కాదని మా అభిప్రాయం. నిషేధం ఉన్నప్పుడు దొంగచాటుగానైనా నలుగురూ కలిసే కూర్చున్నారు. తోపును ఖాళీ చేసింది పొట్లం. 1980లలో వారుణివాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊళ్లోకి వచ్చింది. జేబులో పట్టే మందు అది. చెట్టు అక్కర్లేదు, పాక అక్కర్లేదు, తోడు అసలే అక్కర్లేదు. పొలం గట్టున ఒక్కడే చింపుకుని తాగి పడిపోవచ్చు.

ఆ పొట్లం మీద తిరగబడింది చదువు నేర్చుకున్న ఆడవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన స్త్రీలు, వాళ్లలో రోశమ్మగారు, సారా దుకాణాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత వచ్చింది సీసాల కాలం, బెల్టు షాపుల కాలం. 2019లో దుకాణాలను ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వాళ్లకు ఇచ్చారు. ఆ దుకాణాల్లో పది శాతం గీత కులాల వారికి కేటాయించారు. తాత మోకు వేసుకుని చెట్టెక్కితే మనవడు ఊచల వెనుక నిలబడి సీసా అందిస్తున్నాడు. దీన్ని న్యాయమనాలో ఏమనాలో మాకు తెలియడం లేదు.

ఊచల ముందు ఎవరూ కూర్చోరు. డబ్బు ఇస్తారు, సీసా లుంగీ మడతలో పెట్టుకుంటారు, కల్వర్టు కిందికో జీడితోటలోకో పోతారు. జీడి ఫ్యాక్టరీ పని పొద్దుపోయేదాకా ఉంటుంది. కుర్రాళ్లు గల్ఫులోనో చెన్నైలోనో వెల్డింగు చేస్తున్నారు. ఉన్నవాళ్ల చేతుల్లో ఫోన్లు. మన మగవాళ్లు ఇప్పుడు తీరిగ్గా కలిసి కూర్చునే చోటు ఏదంటే, చెప్పడానికి బాధగా ఉంది, డయాలసిస్ కేంద్రం వరండా. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. పరామర్శకు వెళ్లినప్పుడల్లా చూస్తాం. వారానికి రెండు మూడుసార్లు అవే ముఖాలు, అదే బెంచీ. కాయ ధర అక్కడే మాట్లాడుకుంటారు. ఒకరు రాకపోతే మిగతావాళ్లు తలుపు వైపు చూస్తూ ఉంటారు.

ఇక మన పాలు సంగతి. బాప్తిస్మానికి ముందు కల్లు మానావా అని అడగడం మన సంఘాల్లో ఆనవాయితీ. అడగాలి కూడా. మానినవాళ్ల ఇళ్లలో పిల్లలు చదువుకున్నారు. అయితే మానినవాడు సాయంత్రం ఆరింటికి ఎక్కడికి వెళ్తాడో మేము అడగలేదు. బోయజు రూతు సంగతి తేల్చడానికి ఊరి గవిని దగ్గర పెద్దలు పదిమందిని కూర్చోబెట్టాడని ఎన్నోసార్లు ప్రసంగించాం. మన ఊరి గవిని ఎక్కడుందని ఒక్కసారీ ఆలోచించలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు మీద పడింది. కొబ్బరి, జీడి నేలమట్టమయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు. మందిరం వరండా గట్టిది గనుక జనం అక్కడికి చేరారు. ఎన్నడూ మెట్టెక్కనివాళ్లు, వేరే వీధులవాళ్లు, వేరే దేవుణ్ణి కొలిచేవాళ్లు లాంతరు చుట్టూ కూర్చుని ఎవరికి ఎన్ని చెట్లు పోయాయో లెక్కలు చెప్పుకున్నారు. అలా వారం గడిచింది. మాకు ఆత్మల భారం కలిగింది. జనరేటరు తెచ్చి, మైకు పెట్టి, కూటం ప్రారంభించాం. రెండో రోజుకు సగంమంది వచ్చారు. నాలుగో రోజు మన విశ్వాసులే మిగిలారు. అప్పుడు అవతలివాళ్ల హృదయకాఠిన్యం అనుకున్నాం. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. వాళ్లు మాట్లాడుకోవడానికి వస్తే మేము మాట్లాడటం మొదలుపెట్టాం.

వయసు మీదపడి చెట్టెక్కడం మానేసిన గీత తాత ఒకాయన మొన్న దారిలో ఆపి అడిగాడు. "అయ్యగారూ, మీరు కల్లు మానిపించినారు, మంచిదే. మరి కూకోడానికి సోటేదీ?" ఆయన మోకు ఇంట్లో చూరుకు వేలాడుతోంది. మేము జవాబు చెప్పలేకపోయాం.

తర్వాతి కమిటీలో ఈ మాట పెట్టాం. మందిరం బయట, ప్రహరీకి అవతల, వేపచెట్టు కింద రెండు సిమెంటు బల్లలు, ఒక మంచినీళ్ల కుండ. ప్రహరీ లోపలే వేద్దామని కొందరు, బల్ల మీద వాక్యం రాయిద్దామని కొందరు అన్నారు. చాలాసేపు వాదించుకుని రెండూ వద్దనుకున్నాం. మైకు కూడా వద్దనుకున్నాం. బల్లలు వేసి నెలైంది. రోజూ వచ్చేది ముగ్గురు. వాళ్లలో ఆ తాత ఒకరు. నిన్న సాయంత్రం మేము మందిరం తాళం వేసి వస్తుంటే జీడిపిక్కల బస్తా ధర మీద ముగ్గురూ గట్టిగా వాదించుకుంటున్నారు. మమ్మల్ని చూసి లేవబోయారు. కూర్చోమని చెప్పి, పక్కన కాస్త చోటుంటే మేమూ కూర్చున్నాం.